భరిణెలో చోటు

అంకుడు చెట్లు విరివిగా పెరిగే ఒకానొక రాజ్యంలో పైడయ్య అనే ముసలి పనివాడు ఉండేవాడు. తరిమెన మీద కర్రను గిరగిరా తిప్పుతూ, ఉలితో లోపల తొలిచి కుంకుమ భరిణెలు చేయడం అతని వృత్తి.

ఆ రాజ్యాన్నేలే ప్రచండవర్మకు తనను మించిన తెలివైనవాడు లేడని గట్టి నమ్మకం. కూతురు హేమవల్లి పెళ్లికి భరిణె చేయమని, తన తోటలోని అంకుడు దుంగ ఒకటి పైడయ్యకు పంపించాడు.

పైడయ్య పది రోజులు కష్టపడ్డాడు. ఎర్ర లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి, గుప్పిట్లో ఇమిడే భరిణెను సభకు తెచ్చాడు.

రాజు మూత తీసి చూసి ముఖం చిట్లించాడు. “మేమిచ్చింది మూరెడు దుంగ. నువ్వు తెచ్చింది గుప్పెడంత. అదీ లోపలంతా బోలు. మిగతా కర్ర ఏది?”

“తొలిచేశాను ప్రభూ. పొట్టు ఇంట్లో ఉంది.”

“రాజుగారి సొత్తు ఇంట్లో పెట్టుకుంటే దొంగతనం కాదూ? ఈ భరిణె తీసుకుపో. రేపు పొద్దెక్కేలోగా మా కర్ర రవ్వంత కూడా తగ్గకుండా రావాలి. లేకుంటే నీ తరిమెన జప్తు చేయిస్తాం.”

ముప్పయ్యేళ్లుగా అన్నం పెడుతున్న తరిమెన అది. పైడయ్య ఇంటికెళ్లి పొట్టు మూట ముందు కూలబడ్డాడు.

భార్య నూకాలమ్మ సంగతంతా విని, “ఆయన కర్రే కదయ్యా అడిగాడు, ఇచ్చెయ్యి” అంది.

పైడయ్య మూట విప్పి గుప్పెడు పొట్టు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత లేచి లక్క కరిగించడానికి కూర్చున్నాడు.

మర్నాడు సభలో భరిణెతో పాటు మూట కూడా దించాడు. “ప్రభూ, బోలంతా మీ కర్రతోనే నింపాను. పట్టనిది ఈ మూటలో ఉంది.”

రాజు మీసం దువ్వుకున్నాడు. పక్కనే కూర్చున్న హేమవల్లి ముచ్చటపడి మూత తీసి కుంకుమ పోయబోయింది. లక్కతో గట్టిగా కూరిన పొట్టు అంచుదాకా ఉంది. కుంకుమ జారి ఆమె పట్టుచీర మీద పడింది.

“నాన్నగారూ, ఇందులో చోటే లేదు.”

“ఇదేం భరిణె?” అన్నాడు రాజు.

పైడయ్య చేతులు జోడించాడు. “చిత్తం ప్రభూ. దుంగ మీది. నేను చేసిందల్లా లోపల ఆ కాస్త చోటు. కర్రంతా తిరిగిచ్చాక అదెలా మిగులుతుంది?”

రాజు కూతురి వైపు చూశాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. అది చూసి ఆయనకూ నవ్వాగలేదు.

“నీ పనితనాన్నేనా మేం దొంగతనమన్నది పైడయ్యా? తప్పు మాదే. ఏం కావాలో కోరుకో.”

“మా వీధిలో ఈ పని చేసేవాళ్లు అడవిలో అంకుడు కొమ్మ కొట్టుకుంటే ఎవరూ అడ్డు రాకూడదు ప్రభూ.”

రాజు ఆ మాట ఇచ్చి, తన భుజం మీది శాలువా తీసి కప్పాడు. పైడయ్య అక్కడే కూర్చుని, మొలలోని ఉలి తీసి భరిణెను మళ్లీ తొలిచి, తుడిచి, రాకుమారి చేతికిచ్చాడు.