మూడు సాయంత్రాల పరీక్ష

కొండ కింద, కందిచేను గట్టున ఒక రైతు దొడ్డి. అందులో రెండు ఎడ్లు, నాలుగు మేకలు, ఒక మట్టి కోళ్లగూడు, దానికి కాపలాగా సాంబడనే మచ్చల కుక్క. ఈ కథ సాంబడిదే. తనను చెప్పమంటే చెప్పడు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, తోక కాళ్ల సందున దాచుకుని గడ్డివామి వెనక్కి పోతాడు. అందుకే నేను చెప్పాల్సి వస్తోంది.

ఆ దొడ్డిలో ఒకప్పుడు గౌరమ్మ అనే ముసలి గేదె ఉండేది. ఎవరేం చెప్పినా ఆమె ఒకటే అడిగేది: "సరే, నీ మాట నిజమే అనుకుందాం. దానివల్ల వచ్చే తేడా ఏంది?" కుడితి తొట్టికి పడమటి పక్కన తాగితే కొమ్ములు ఊడిపోతాయని అక్కడ తరాలుగా నమ్మకం. పశువులన్నీ తూర్పు పక్కనే తోసుకునేవి. బక్క దూడలకు గుక్కెడు కూడా దక్కేది కాదు. గౌరమ్మ పడమటి పక్కకు వెళ్లి, అందరూ చూస్తుండగా రెండు నెలలు తాగింది. కొమ్ములు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాత దూడలు కూడా కడుపునిండా తాగాయి. ఆమె పోయి ఏళ్లయినా ఆ ప్రశ్న దొడ్డిలో ఉండిపోయింది. మేకపిల్లలు సైతం కొత్త ఆకు కొరికే ముందు "తేడా ఏంది?" అనేవి.

అందరికంటే ఎక్కువగా అడిగేది సాంబడు. చిన్నప్పుడు గౌరమ్మ పొట్టకు ఆనుకుని పడుకునేవాడు కదా, ఆ ప్రశ్న తనకొక్కడికే రాసిచ్చి పోయిందన్నట్టు మెలిగేవాడు. ఎద్దు తుమ్మినా ఆరా తీసేవాడు. తన పని గురించి మాత్రం ఎప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆ పని ఇదీ. పొద్దు వాలగానే కోళ్లు గూట్లో దూరతాయి. ఇంటావిడ మేకల పాలు పితికి వచ్చి గూటికి చెక్క అడ్డం పెట్టేసరికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ సాంబడు గూటి చుట్టూ మూడుసార్లు తిరిగి, కొండవైపు నిలబడి మొరగాలి.

ఒక మధ్యాహ్నం కందిచేను గట్టు మీదికి నక్క వచ్చి, మర్యాదగా దూరంలోనే కూచుంది.

"సాంబన్నా, బాగున్నావా?"

"ఇంకొక్క అడుగు ముందుకేస్తే నువ్వు బాగుండవు."

"వెయ్యనులే. గౌరమ్మగారి శిష్యుడివని నీ దగ్గర నేర్చుకుందామని వచ్చా. ఈ ఏడు ఎన్ని నక్కల్ని పట్టావన్నా?"

"ఒక్కటీ రాలేదు."

"ఒక్కటీ రాలేదా! మరి రోజూ గొంతు చించుకుంటున్నావే, దానివల్ల తేడా ఏంది?"

సాంబడి ప్రశ్నే తిరిగొచ్చి అతని మొహానికి తగిలింది.

"ఒక మూడు సాయంత్రాలు మొరక్కుండా చూడు," అంది నక్క. "ఏమీ జరగలేదా, మొరుగుడు దండగన్నమాట. పనికొచ్చిందే నిజం, పనికిరానిది అబద్ధం. గౌరమ్మగారు చెప్పింది ఇదే కదా?"

ఇది కాదని సాంబడికి ఎక్కడో తోచింది. కానీ ఏది కాదో చెప్పలేకపోయాడు. పైగా పొద్దు వాలే వేళకు మోకాళ్లు పట్టేస్తున్నాయి, చల్లటి బూడిదలో పడుకుంటే ఎంత హాయి! ఆ సంగతి పైకి ఒప్పుకోలేదు.

"కోళ్లకు చెప్పకన్నా," అంది నక్క పోతూ పోతూ. "బెదిరి గుడ్లు మానేస్తాయి."

మొదటి సాయంత్రం మొరగలేదు. ఏమీ జరగలేదు. రెండో సాయంత్రం గూట్లోంచి చుక్కమ్మ తల బయటికి పెట్టింది. దొడ్డిలో పెద్ద పెట్ట ఆమే.

"ఏమన్నా, అలికిడి లేదే?"

"గొంతు బాగా లేదమ్మా," అన్నాడు సాంబడు. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తనే కాస్త ఆశ్చర్యపోయాడు.

మూడో సాయంత్రమూ ప్రశాంతంగా గడిచింది. నాలుగో సాయంత్రం సాంబడు బూడిదలో కాళ్లు చాపుకుని, తాను గౌరమ్మ అంతటివాడినయ్యానని మురిసిపోతున్నాడు. గూట్లో ఒక్క కేక వినబడింది. లేచి పరుగెత్తేసరికి కందిచేను ఊగుతోంది. చుక్కమ్మ కూతురు పసిడి లేదు. గుడ్డు పెట్టడం మొదలుపెట్టి నాలుగు రోజులైనా కాలేదు ఆ పిల్లకు.

తెల్లారాక చుక్కమ్మ తిట్టలేదు. ఏడ్చినట్టు తెలిసే గొంతుతో, "నీ గొంతు బాగయ్యిందా అన్నా?" అని అడిగింది.

ఆమె నిజంగానే కనుక్కుంటోందని అర్థమయ్యేసరికి సాంబడికి చచ్చిపోవాలనిపించింది. ఒక తిట్టు తిట్టినా భరించేవాడు. తల ఎత్తకుండా, తొట్టి దగ్గర అందరూ వింటుండగా జరిగిందంతా చెప్పాడు. మోకాళ్ల సంగతి కూడా దాచలేదు.

అంతా విని చుక్కమ్మ అడిగింది:

"గౌరమ్మత్త ఆ కుడితి ఎవరి నోటితో తాగింది?"

"తన నోటితో."

"ఎవరి ముందర?"

"అందరి ముందర."

"నువ్వు పరీక్ష పెట్టింది ఎవరి మెడ మీద?"

"మీ మెడల మీద," అన్నాడు సాంబడు. "మీకు చెప్పకుండా. పైగా పరీక్ష ఎన్నాళ్లో నక్కనే చెప్పనిచ్చాను. నా అంత సిగ్గులేనివాడు ఇంకోడు ఉండడు."

మేకలు మొహాలు తిప్పుకున్నాయి. ఎడ్లు నెమరు ఆపేశాయి. ఓదార్చడానికి ఎవరూ రాలేదు, రావాలని అతనూ అనుకోలేదు.

"నక్క ఇవాళ కూడా వస్తుంది," అన్నాడు చివరికి. "మొరుగుడు వినబడకపోతే కుక్క లేదని దాని నమ్మకం. ఆ నమ్మకానికి నేను పరీక్ష పెడతా. మీ కోళ్లంతా బండి కాడి మీదికెక్కండి. గూట్లో నేను కూచుంటా."

"లోపల ఒక్క కోడి చప్పుడైనా లేకపోతే అది తల పెట్టదు. నేనూ ఉంటా," అంది చుక్కమ్మ.

"వద్దమ్మా!"

"ఈసారి ముందే చెప్పావుగా. చెప్పాక ఉండాలో వద్దో నా ఇష్టం."

పొద్దు వాలింది. ఆ గూట్లో కుక్క పట్టడమంటే మాటలా! ముక్కు రెట్టలో, వీపు కప్పుకి రాసుకుంటూ, సాంబడు ముడుచుకుని కూచున్నాడు. పక్కనే చుక్కమ్మ. ఆమె రెక్క తగిలినప్పుడల్లా లోపలికి లోపలికి కుంచించుకుపోయాడు. పసిడి రోజూ పడుకునే మూల అది. అక్కడ ఇంకా రెండు ఈకలు ఉన్నాయి. వాటిని తొక్కకుండా కాలు పక్కకు జరుపుకున్నాడు.

బయట అడుగుల సవ్వడి. చుక్కమ్మ నిద్రలో ఉన్నట్టు మెల్లగా "కొక్..." అంది.

"మొరుగుడు లేదు, కుక్కా లేదు," అని గొణుక్కుంటూ నక్క దర్జాగా తల లోపలికి పెట్టింది. "పనికొచ్చిందే ని..."

మాట పూర్తికాకముందే సాంబడి పళ్లు దాని చెవి మీద పడ్డాయి.

"అన్నా! వదులన్నా! మన పరీక్ష నువ్వే ఒప్పుకున్నావు గదా!"

సాంబడి నోటినిండా చెవి ఉంది. అందుకని చుక్కమ్మే జవాబిచ్చింది.

"ఈ పరీక్ష నీ చెవి మీద జరుగుతోంది తమ్ముడూ. ఇప్పుడు తేడా తెలుస్తోందా?"

తెలిసింది. సగం చెవి గూట్లో వదిలేసి నక్క కొండెక్కింది. చెవేమైందని తోటి నక్కలు అడిగితే, బరువని తనే తీయించుకున్నానని ఇప్పటికీ చెబుతుందట.

దొడ్డిలో సాంబణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు. సగం చెవి తెచ్చినంత మాత్రాన పసిడి తిరిగి వస్తుందా? అతను రోజూ పొద్దు వాలగానే మూడు చుట్లు తిరిగి, కొండవైపు మొరుగుతాడు. మోకాళ్లు నొప్పి పెట్టిన రోజున ఆ మాట ముందుగా కోళ్లకు చెబుతాడు. అప్పుడు ఎద్దు వచ్చి గూటి ముందు నిలబడుతుంది. మొరగడం అయ్యాక చుక్కమ్మ ఒక్కోసారి తల బయటికి పెట్టి, "ఇవాళ గొంతు బాగుందన్నా," అంటుంది. సాంబడు తోక ఊపబోయి, ఆపేసి, తల దించుకుంటాడు.

పనికొచ్చిందే నిజమని ఎవరైనా చెబితే, అది ఎవరికి పనికొచ్చిందో, ఎవరి మెడ మీద తేల్చారో ముందు అడగాలి.