ఊ కొట్టిన చిలుక

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక రాజు. ఊ అనండర్రా, మీరు ఊ కొట్టకపోతే నా కథ ముందుకు నడవదు. ఆ, అదీ.

ఆ రాజుకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు విజయపాలుడు, రెండోవాడు రణకేతుడు, ఆఖరిది కువలయ. ఏడు సముద్రాల అవతల ఉన్న దీవిని చూసొస్తానని పెద్దవాడు ఓడెక్కాడు, తిరిగి రాలేదు. అన్నను తీసుకొస్తానని రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. అప్పటినుంచి రాణి పూటపూటా ఇద్దరికీ విస్తళ్ళు వేయించి, వేడన్నం వడ్డించి, రేవు వైపు చూస్తూ కూచునేది. అన్నం చల్లారిపోయేది. ఎవరేం చెప్పినా ఆవిడ నోట ఊ అన్నమాట కూడా వచ్చేది కాదు. తల్లిని అలా చూడలేక కువలయ ఒకరోజు ఆవిడ ఎదురుగా వచ్చి కూచుంది.

"నేను వెళ్ళి అన్నయ్యలను తీసుకొస్తానమ్మా" అంది.

రాజు వద్దన్నాడు, మంత్రులు వద్దన్నారు, పురోహితుడైతే ముహూర్తమే లేదన్నాడు. రాణి మాత్రం ఏమీ అనలేదు. కూతురు ఓడెక్కిన మర్నాటినుంచి మూడు విస్తళ్ళు వేయించింది.

కువలయ ఉప్పు సముద్రం దాటింది, చెరకురసం సముద్రం దాటింది. నేతి సముద్రంలో ఓడ జర్రున జారిపోయింది. పెరుగు సముద్రంలో ఇరుక్కుంటే నావికులంతా దిగి తోశారు. అలా అన్నీ దాటి ఏడోదైన మంచినీటి సముద్రానికి వచ్చేసరికి అక్కడ గాలీ లేదు, అలలూ లేవు. ఓడ ఆగిపోయింది. పక్కనే ఒక ముసలి తాబేలు, పాత వలలో కాళ్ళు చిక్కుకుని విసుక్కుంటోంది. కువలయ నీళ్ళలోకి దిగి వల కోసి దాన్ని విడిపించింది. ఆ మంచికి తాబేలు ఓడ తాడు నోట కరుచుకుని దీవి దాకా లాగింది. ఒడ్డు చేరాక అసలు సంగతి చెప్పింది.

ఆ దీవిలో ధూమకంఠుడనే మాంత్రికుడున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళనీ సముద్రం కథ ఒకటి చెప్పమంటాడు. కథ విని వాడు ఊ కొడితే చెప్పినవాళ్ళు గెలిచినట్టు. కొట్టకపోతే వాళ్ళు ఉప్పుబొమ్మలైపోతారు. వాడు ఇంతవరకూ ఎవరి కథకీ ఊ కొట్టలేదట.

"మీ పెద్దన్నయ్య ఓడ గురించే చెప్పాడమ్మా" అంది తాబేలు. "దాని తెరచాపలు, దాని బంగారు పూత. ఒడ్డునుంచి వింటున్న నాకు నిద్రొచ్చింది. రెండో ఆయన తుపాను మీద తుపాను, తిమింగలం మీద తిమింగలం చెప్పాడు. ఓడ మునిగితే నాకేం, అందులో ఎవరున్నారో చెప్తేగా?"

"మరి నీకెలాంటి కథ నచ్చుతుంది తాతా?"

తాబేలు మెడ బయటికి చాపి ఆలోచించింది. "ఓడ రాకపోతే ఒడ్డున ఎవరు ఏడుస్తారో నాకు తెలియాలి. అది తెలిస్తే చిన్న అలకి కూడా గుండె దడదడలాడుతుంది."

కువలయ ఆ మాట మనసులో పెట్టుకుని వెళ్ళింది. మాంత్రికుడు బోర్లించిన పెద్ద ఇత్తడి గంగాళం మీద కూచుని ఉన్నాడు. తిండికైనా దాని మీదనుంచి లేవడట. చుట్టూ ఉప్పుబొమ్మలు, వాటిలో అన్నలిద్దరూ ఉన్నారు. కువలయ వాళ్ళ వైపు ఒక్కసారి చూసి కథ మొదలుపెట్టింది.

"ఒక రేవులో ఒక అమ్మ ఉండేది. ఆవిడ కొడుకులకి అన్నం పొగలు కక్కుతుంటేనే ముద్ద దిగేది. వాళ్ళు సముద్రం మీదికి వెళ్ళారు. ఎప్పుడొచ్చినా వేడిగా తినాలని ఆవిడ రోజూ వండి కూచునేది."

ఆ కథలో కొడుకుల ఓడకి చిన్న చిల్లు పడింది. అన్న నీళ్ళు తోడి పోస్తుంటే తమ్ముడు చిల్లుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఇద్దరూ ఆకలిని మరిచిపోవడానికి అమ్మ చేతి పచ్చళ్ళ పేర్లు చెప్పుకున్నారు. ఇదంతా కువలయ మెల్లగా చెప్పింది. చివరికి రేవులో అమ్మకి దూరంగా ఒక తెరచాప కనిపించింది. చేతిలో గరిటె కూడా కింద పెట్టకుండా ఆవిడ ఇసకలోకి పరిగెత్తింది. ఓడ దగ్గరికొచ్చింది.

అక్కడ కువలయ ఆపేసింది.

మాంత్రికుడి మొహంలో ఒక్క గీత కదల్లేదు. వాడు మంత్రదండం ఎత్తాడు. సరిగ్గా అప్పుడు వాడి కిందనుంచి "ఊ, తర్వాత?" అని వినిపించింది.

అది తన కడుపులో గుడగుడ అన్నాడు మాంత్రికుడు.

"కడుపు 'తర్వాత' అని అడగదు" అంది కువలయ.

ఈలోగా తాబేలు వెనకనుంచి వచ్చి డిప్పతో గంగాళాన్ని ఒక్క తోపు తోసింది. మాంత్రికుడు ఒక పక్క పడ్డాడు, గంగాళం ఒక పక్క పడింది. లోపలినుంచి ఒక పచ్చటి చిలుక ఎగిరొచ్చి కువలయ భుజం మీద వాలింది.

"దాన్నేమీ చెయ్యకు పిల్లా, నా ప్రాణం అందులో ఉంది" అని మాంత్రికుడు బతిమాలాడు. చూశారా, ప్రాణాన్ని తీసి ఎక్కడో దాచుకున్నవాడికి ఏ కథైనా ఎలా తగులుతుంది? కథలన్నీ విన్నది చిలుక. దానికి నచ్చినది ఇదొక్కటే.

"ఓడలో కొడుకులున్నారా లేరా?" అంది చిలుక.

"నాకూ తెలియదు" అంది కువలయ. "మా అన్నయ్యలు లేస్తేనే ఆ సంగతి తెలిసేది."

చిలుక మాంత్రికుడి వైపు తిరిగింది. "విన్నావుగా, లేపు వాళ్ళని."

తన ప్రాణమే తన మీద తిరగబడ్డాక పాపం ఏం చేస్తాడు? నీళ్ళు చల్లి మంత్రం వెనక్కి చదివాడు. అన్నలు లేచారు, మిగతా అందరూ లేచారు. వాళ్ళలో వరుణదత్తుడనే కుర్ర రాజు కళ్ళు తెరుస్తూనే "తర్వాత?" అన్నాడు. బొమ్మగా ఉండి కూడా కథ విన్నాడన్నమాట. కువలయకి వాడు అక్కడే నచ్చేశాడు.

అందరూ ఓడెక్కారు. చిలుక కువలయ భుజం దిగలేదు. ప్రాణం ఎటుపోతే తనూ అటే కదా, మాంత్రికుడు నోరు మూసుకుని తెడ్డు వేశాడు.

రేవులో రాణి చేతిలో గరిటెతోనే నిలబడి ఉంది. కొడుకులిద్దరూ పరిగెత్తుకెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడ్డారు. "అమ్మా, వచ్చేశాం" అన్నారు.

"ఊ" అంది రాణి. ఇన్నేళ్ళకి అన్నది. "కాళ్ళు కడుక్కోండి, అన్నం చల్లారిపోతుంది."

ఆ మాట విని మాంత్రికుడు చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అది చూసి చిలుక తనంతట తనే వెళ్ళి వాడి భుజం మీద వాలింది.

కువలయకీ వరుణదత్తుడికీ పెళ్ళయింది. ఇక మేం రేవు దాటం, మమ్మల్ని తెచ్చిన చెల్లెలే ఏలాలని అన్నలిద్దరూ రాజ్యం ఆవిడకే ఇచ్చేశారు. ఆవిడ తల నెరిసేదాకా చల్లగా ఏలింది.

ఏమర్రా, ఊ అనడం లేదేం? నిద్రపోయారా? మంచిదే. ఓడ రేవు చేరింది, అందరూ ఇంటికొచ్చేశారు.