సాలోమి వెనకాల

ఎవరేమడిగినా ఎస్తేరమ్మగారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. సికింద్రాబాదులో ఆవిడ ఇంట్లో ఒపేరా, అంటే ఇటలీ వాళ్ల సంగీత నాటకం, నేర్చుకునే పిల్లలందరికీ ఆ అలవాటు తెలుసు. తెలిసి కూడా హెప్సిబా ఒకరోజు అడిగింది.

"అమ్మగారూ, కుళ్లు ఎట్లా పోతుందండీ?"

ఎవరి మీద అని ఆవిడ అడగలేదు. కొత్త నాటకంలో అందరికన్నా పై స్థాయిలో పాడే రాణి వేషం ముందురోజే సాలోమికి ఇచ్చారు. సాలోమి నిన్నగాక మొన్న చేరింది. హెప్సిబా పాఠం మొదలుపెట్టేనాటికి ఆ పిల్ల ఇంకా సండే స్కూల్లో చప్పట్ల పాటలు పాడుతోంది.

"రేపట్నుంచి వంత పాడేవాళ్లలో నిలబడు," అన్నారు ఎస్తేరమ్మగారు. "సరిగ్గా ఆ పిల్ల వెనకాల."

"వంతా? నేనా?"

"పోనీ, గేటు దగ్గర టిక్కెట్లు చింపుతావా?"

హెప్సిబా వంతలో నిలబడింది. సాధన జరిగినన్నాళ్లూ ఆమె కళ్లు సాలోమి వీపు మీదే, చెవులు తప్పుల మీదే. ఆ వీపు ఎప్పుడు విచ్చుకుంటుందో, ఊపిరి ఎక్కడ నిండుతుందో, ఎక్కడ అరకొరగా సరిపెట్టుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. రాణి ఏడుపు పాట చివర ఒక పొడుగాటి స్వరం ఉంది. దానికి ముందు సాలోమి ఎవరికీ తెలియకుండా ఒక దొంగ గుక్క తీసుకునేది. ఆ గుక్క అందకపోతే స్వరం మధ్యలో తెగిపోవడం ఖాయం. ఈ లెక్క హెప్సిబా ఎవరికీ చెప్పలేదు. మిఠాయి ముక్కలా బుగ్గన పెట్టుకుని చప్పరించింది.

ప్రదర్శన రోజు సాయంత్రం సాలోమి ముక్కు చీదుకుంటూ వచ్చింది. "అక్కా, జలుబే! నాకోసం ప్రార్థన చెయ్యవా?"

"చేస్తాలే," అంది హెప్సిబా. చేసింది కూడా. ఏమని చేసిందో దేవుడికే తెలియాలి.

ఒపేరాలో మైకు ఉండదు. గొంతు ఒంటరిగా చివరి వరుసదాకా వెళ్లాలి. ఏడుపు పాట చివరికొచ్చింది. బిగుతు రవికె కింద సాలోమి వీపు విచ్చుకోలేదు. గుక్క అందలేదని అంత హాల్లో తెలిసింది ఒక్క హెప్సిబాకే. స్వరం సన్నబడింది. కోరుకున్నది వచ్చి ఎదుట నిలబడింది. అంతలో హెప్సిబా నోరే తెరుచుకుంది. అదే స్వరం, సాలోమి గొంతు కింద దిండులా. సాలోమి ఊపిరి తీసుకుని మళ్లీ అందుకోగానే హెప్సిబా ఆపేసింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సాలోమి వెనక్కి తిరిగి చూడలేదు.

జనం వెళ్లిపోయాక హెప్సిబా పియానో దగ్గరికొచ్చింది. "కుళ్లు పోలేదండీ, అమ్మగారూ. ఆ చప్పట్లకి ఒళ్లు మండిపోయింది."

"విన్నాను," అన్నారు ఎస్తేరమ్మగారు, పియానో మూత దించుతూ. ఏది విన్నారో చెప్పలేదు. "వచ్చే నాటకంలో రాణివి నువ్వు. నీ వెనకాల సాలోమి నిలబడుతుంది. పొద్దున ఆ పిల్లా వచ్చి నన్ను నీ ప్రశ్నే అడిగింది."