గీకిన ప్లగ్గు

“మేస్త్రిగారూ, పనంతా నాకు చెప్పారా, ఏదైనా మీ దగ్గరే ఉంచుకున్నారా?” అని ఒంగోలు బస్టాండు వెనక మోటారు సైకిళ్లు బాగుచేసే మీరావలి మేస్త్రిని ఆయన శిష్యుడు ఏడుకొండలు ఒక ఉదయం అడిగాడు. అడగడానికి కారణం ఉంది. దసరా వెళ్లాక సొంత షెడ్డు పెట్టుకోవాలని అతని ఆలోచన. ఏ మేస్త్రీ శిష్యుడికి విద్య పూర్తిగా ఇవ్వడనీ, చివరి మెలకువ ఒకటి గుప్పిట్లోనే ఉంచుకుంటాడనీ టీకొట్టు దగ్గర తోటివాళ్లు అతని చెవిలో ఊదారు. మేస్త్రి నవ్వాడు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఏదో ఒక బండి వచ్చేదాకా ఆగమంటాడు.

ఆ రోజుల్లో ఊళ్లో ఎగ్జిబిషన్ నడుస్తోంది. అందులో మరణబావి ఉంది. చెక్కలతో బావిలా గుండ్రంగా కట్టిన నిలువు గోడ మీద మోటారు సైకిల్ తిప్పుతారు, జనం పై అంచున నిలబడి కిందికి చూస్తారు. తిప్పేది నాగరత్నం అనే ముప్పై ఏళ్ల మనిషి. స్పార్కు ప్లగ్గుకు మాటిమాటికీ నూనె పట్టి బండి ఆగిపోతోందని ఆమె అంతకు రెండు రోజుల ముందు, పెట్రోల్లో నూనె కలిపి నడిపే తన పాత టూ స్ట్రోకు బండిని తెస్తే, మేస్త్రి ఊళ్లో లేని రోజు కావడంతో ఏడుకొండలు ఒక్కడే చేసి ఇచ్చాడు. ఆ నూనె కాలిపోవాలని వేడిని లోపలే నిలుపుకునే రకం ప్లగ్గు ఏరి వేశాడు. కార్బొరేటర్లో పెట్రోలు తగ్గించి గాలి ఎక్కువ పెట్టాడు. బండి ఒక్క కిక్కుకే అందుకుని రయ్యిమని మోగింది. ఆ మోతకు తనే మురిసిపోయాడు. చెవికింపుగా ఉంటే చాలనుకునే మెకానిక్కునూ, ఉప్పు చూడకుండా వాసన చూసి వడ్డించే వంటవాణ్ణీ ఒకే గాటన కట్టాలి. షెడ్డులో నిలబడి మోగడం వేరు, గోడ మీద ఆఖరిదాకా యాక్సిలేటర్ తిప్పి తిరగడం వేరు అన్నది అతనికి తట్టలేదు.

ఏడుకొండలు ప్రశ్న అడిగిన రోజే, సాయంత్రం మొదటి ఆటకు కాస్త ముందు, నాగరత్నం బండి తీసుకుని వచ్చింది. గోడ పైకంటా పోయేసరికి బండిని ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు ఉంటోందని చెప్పింది. అయినా ఏడుకొండలు చెయ్యి మంచిదనీ, ఆ మోతకే జనం ఎగబడుతున్నారనీ మేస్త్రి ముందు మెచ్చుకుంది. మేస్త్రి ప్లగ్గు విప్పి తెమ్మన్నాడు. వైద్యుడు నాలుక చూసినట్టు ఆయన ముందు ప్లగ్గు కొస చూస్తాడు. నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైందని, బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యమని, సున్నంలా తెల్లబడితే పెట్రోలు చాలక ఇంజను లోపల కాలిపోతోందని అర్థం.

ఏడుకొండలు బండి చాటున కూర్చుని ప్లగ్గు విప్పాడు. తెల్లగా ఉంది. పింగాణీ మీద చిన్న పొక్కులు, వాటి మధ్య ఇసుక రేణువుల్లా మెరిసే చుక్కలు. అవి పిస్టన్ నుంచి కరిగి వచ్చినవని అతనికి తెలుసు. ఇలాగే పోనిస్తే గోడ మీద ఇంజను బిగుసుకుని పట్టేస్తుందనీ, పట్టేస్తే మనిషి బండితో సహా కింద పడుతుందనీ తెలుసు. అతనికి ఒళ్లంతా సిగ్గు కమ్ముకుంది. ఇప్పుడే కదా ఆమె మెచ్చుకుంది, పొద్దున్నే కదా తను అంత మాట అడిగాడు. ఆలోచన తెగకముందే చెయ్యి గరుకు కాగితం అందుకుంది. ప్లగ్గును గీకి, పెట్రోల్లో ముంచి, గుడ్డతో తుడిచాడు. మేస్త్రి అటు తిరగ్గానే వేరే ప్లగ్గు వేసి, పెట్రోలు సరిచేసి, ఎవరికీ తెలియకుండా సర్దేద్దామని అతని లెక్క. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

మేస్త్రి ప్లగ్గును వాలుతున్న ఎండకు పట్టి తిప్పి చూశాడు. నిన్నంతా మండిన ప్లగ్గు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంటే షెడ్డులో పడుకునే కుక్కకైనా అనుమానం వస్తుంది. ఆయన మాత్రం ఏడుకొండలు వంక ఒకసారి చూసి, ప్లగ్గు తిరిగి బిగించమన్నాడు. అది బిగించాక నాగరత్నంతో, “బండి చేసింది ఇతను. ఎక్కొచ్చో లేదో ఇతన్నే అడుగమ్మా” అన్నాడు.

“ఎక్కమంటావా తమ్ముడూ?” అని ఆమె అడిగింది. ఆ గొంతులో అనుమానం లేదు. అతను ఏం చెబితే అది చేసేటట్టుంది. ఎగ్జిబిషన్ మైకులో ఆమె పేరు చెప్పి జనాన్ని పిలవడం అక్కడికి వినిపిస్తోంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఏడుకొండలు శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్లీ తుడుచుకున్నాడు. ఆమె మొహం చూడలేక బండి చక్రం వంక చూశాడు.

“ఎక్కొద్దక్కా,” అన్నాడు చివరికి. “ప్లగ్గు తెల్లగా కాలిపోయుంటే నేనే గీకేశా. చేసిన పనే తప్పు. పైన ఇంజను పట్టేసుద్ది.”

నాగరత్నం తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. “నిన్నంతా దీని మీదే తిరిగాను తమ్ముడూ,” అని మాత్రం అంది. తర్వాత అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఆట లేదు. బావి యజమాని షెడ్డుకు వచ్చి ఎవడు చేశాడీ పని అని కేకలేస్తే, మేస్త్రి నోరు తెరిచేలోగా ఏడుకొండలు లేచి తనేనన్నాడు. నలుగురిలో యజమాని అన్న మాటలన్నీ తల వంచుకుని పడ్డాడు. ఆ తర్వాత ఇంజను విప్పి, గీతలు పడ్డ పిస్టన్‌ను నాగరత్నం చేతికే ఇచ్చి చూపించాడు. కొత్తది తెప్పించి, వేడిని త్వరగా వదిలే రకం ప్లగ్గు వేసి, పెట్రోలు సరిచేసే పనంతా ఆమె ఎదుటే చేస్తానన్నాడు. ఆమె మర్నాడు వస్తానని చెప్పి వెళ్లింది.

షెడ్డులో ఇద్దరే మిగిలాక, తను నోరు విప్పకపోయి ఉంటే ఆమెను ఎక్కనిచ్చేవారా అని ఏడుకొండలు అడిగాడు. ప్లగ్గు బిగిస్తున్నప్పుడే దాచుకున్న ఆమె బండి తాళాన్ని మేస్త్రి చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఏడుకొండలు ఆ తాళం వంకే చూశాడు. గీకిన సంగతి తెలియడంలో వింత లేదు, మసి పట్టి ఉన్నా తను గీకేవాడే కదా, మరి తెల్లగా ఉందని ఎలా పోల్చారని తల ఎత్తకుండానే అడిగాడు.

“ప్లగ్గు బాగానే తుడిచావు. మొహం తుడుచుకోవడమే నీకింకా చేతకాలేదు,” అన్నాడు మీరావలి మేస్త్రి. “ఆ పని మాత్రం నేను నేర్పను.”