బొంతన్న పాటలో ఇంకో రాయి

అనగనగా ఒక అడవిలో, తేనెపట్లు ఎక్కువా నీళ్ళు తక్కువా ఉన్న అడవిలో, ఒక ఎలుగుబంటి ఉండేది. ఒంటినిండా చింపిరి బొచ్చుతో పాత బొంతలా ఉండేవాడని అందరూ అతన్ని బొంతన్న అని పిలిచేవారు. బొంతన్నకు పాటలంటే ప్రాణం.

ఆ అడవిలో కోకిలల మేళం ఒకటి ఉండేది. పెళ్ళయినా పేరంటమైనా వాళ్ళే పాడాలి. బొంతన్న ఆ మేళంలో చేరలేదు. ఎండిన సొరకాయ బుర్రకు ఒక తీగ కట్టుకుని, గుహ ముందు ఒక్కడే కూర్చుని పాడుకునేవాడు.

"నా పాట నేనే కడతాను, నేనే పాడతాను, నేనే వింటాను," అనేవాడు. "మొదటి రెండు పనులూ పర్వాలేదు. మూడో పనికే నాకు ఓపిక చాలట్లేదు."

అతనికి ఒక అలవాటు ఉండేది. పల్లవి కట్టేవాడు. చాలా బాగా కట్టేవాడు. చరణం దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం పడేది. ఒకరోజు గొంతు బాగోలేదని తేనె వెతుక్కుంటూ వెళ్ళేవాడు. ఒకరోజు శ్రుతి కుదరలేదని పొద్దుగూకేదాకా తీగ బిగిస్తూ కూర్చునేవాడు. ఇంకోరోజు అంతకన్నా మంచి పల్లవి తట్టేది, పాతదాన్ని అక్కడే వదిలేసేవాడు. అలా అతని దగ్గర పల్లవులు కుప్పలుగా పోగయ్యాయి. పూర్తి పాట మాత్రం ఒక్కటీ లేదు.

ఎందుకలా నావైపు చూసి నవ్వుతున్నారు పిల్లలూ? నేను మీకు అల్లడం మొదలుపెట్టిన స్వెట్టరు ఒక చెయ్యి దగ్గర ఆగిపోయిందనేగా? ఇది ఎలుగుబంటి కథ. నన్ను మధ్యలోకి లాగకండి.

ఒక వేసవిలో అడవిలోని వాగు ఎండిపోయింది. కొండకు అవతల లోతైన మడుగు ఉంది. వాగు ఎండినప్పుడల్లా జంతువులన్నీ అక్కడికి నడిచి వెళ్ళేవి. నడక పాట లేకుండా ఎవరూ కొండ ఎక్కకూడదు. అది ఆ అడవి ఆచారం. ముందు కోకిలలు పాడుతుంటే వెనక అందరూ ఆ పాటకు అడుగులేస్తూ వెళ్ళేవారు. ఆ ఏడు కూడా తెల్లవారగానే బయలుదేరారు.

ముగ్గురు మాత్రం వెనకబడ్డారు. కొండమ్మ అనే ఏనుగు, ఆమె కూతురు గున్నమ్మ ఇద్దరు. గున్నమ్మ కాలిలో ముల్లు దిగింది. ముల్లు తీసి పసరు పూసేసరికి మేళం కొండ దాటిపోయింది. మూడోవాడు బొంతన్న. ప్రయాణానికని తీగ శ్రుతి చేస్తూ అందరూ వెళ్ళిపోయిన సంగతే చూసుకోలేదు.

"అన్నయ్యా, పొద్దున్నుంచి బిడ్డకు చుక్క నీళ్ళు లేవు," అంది కొండమ్మ. "సాయంత్రంలోగా మడుగు చేరకపోతే నాకు దక్కదు. పాట లేకపోతే అడుగు వెయ్యనంటోంది. నువ్వు పాడతావా?"

తనను ఒకరు పాట అడగడం బొంతన్నకు అదే మొదటిసారి. మొహం వెలిగిపోయింది. "పాటలకేం తక్కువ చెల్లెమ్మా? నా దగ్గర కుప్పలున్నాయి," అని మొదలుపెట్టాడు.

"అడుగు వెయ్యి అడుగు వెయ్యి, అల్లదిగో నీలికొండ,
అలసిపోతే చెప్పు తల్లీ, ఆగి నిన్ను ఎత్తుకుంట."

గున్నమ్మ లేచి కుంటుతూ నడిచింది. "నన్ను నిజంగా ఎత్తుకుంటావా మామా?" అని అడిగింది.

"పాటలో మాత్రమే తల్లీ. నా నడుము సంగతి నీకు తెలియదు," అన్నాడు బొంతన్న.

కొండ మొదట్లో పాట ఆగింది. "తర్వాత?" అంది గున్నమ్మ.

"తర్వాతది ఇంకా కట్టలేదు."

గున్నమ్మ కూర్చుంది. బొంతన్న ఇంకో పల్లవి ఎత్తుకున్నాడు. అది లేచి కొంతదూరం నడిచింది. పల్లవి అయిపోగానే కూర్చుంది. మూడో పల్లవికి కొండ సగం ఎక్కారు. ఈసారి గున్నమ్మ ఏకంగా పడుకుంది.

"నీ పాటలన్నీ బయలుదేరతాయి మామా. నాతో రావు," అంది.

కొండమ్మ తొండంతో ఎంత లేపినా లేవలేదు. పిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. బొంతన్నకు భయమేసింది.

సరిగ్గా అప్పుడే అతనికి ఒక కొత్త పల్లవి తట్టింది. అంత చక్కని పల్లవి అతనికి ఎన్నడూ తట్టలేదు. కోకిలలు వింటే కుళ్ళుకుని చస్తాయి. పాడదామని నోరు తెరిచాడు. గున్నమ్మ కాలు చూశాడు. ఇది పాడితే నాలుగడుగులు వేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. నోరు మూసుకున్నాడు. మళ్ళీ మొదటి పాటే ఎత్తుకున్నాడు. పల్లవి అయింది. ఇక చరణం పాడాలి. బుర్రలో ఏమీ లేదు. చుట్టూ చూశాడు. రాళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

"రాయి పక్కన ఒక్క రాయి, దాని పక్కన ఇంకో రాయి," అని పాడాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

గున్నమ్మ ఒక కన్ను తెరిచింది. "దాని పక్కన?"

"ఇంకో రాయి," అని రాగం సాగదీశాడు బొంతన్న.

అదెక్కడుందో చూద్దామని గున్నమ్మ లేచింది.

ఇక బొంతన్న ఆగలేదు. రాళ్ళయ్యాక పొదలొచ్చాయి, పొదలయ్యాక చీమల పుట్టలొచ్చాయి. కనిపించినదల్లా పాటలోకి వచ్చింది. తాళం కుంటింది. గున్నమ్మ కాలూ కుంటుతోంది గనక సరిపోయింది. దారిలో తీగ తెగితే సొరకాయ బుర్ర మీద దరువేశాడు. గొంతు పోతే బొంగురు గొంతుతోనే పాడాడు. పాట బాగుందో లేదో చూసుకునే తీరికే లేకపోయింది.

పొద్దు వాలుతుండగా మడుగు చేరారు. కోకిలలు, జింకలు, కోతులు అందరూ వింటున్నారు. గున్నమ్మ తొండం నీళ్ళలో పెట్టాక బొంతన్న చివరి చరణం పాడాడు.

"నీళ్ళ పక్కన మా గున్నమ్మ, దాని పక్కన అమ్మ కొండమ్మ."

పాట అయిపోయింది. బొంతన్నకు ఏడుపొచ్చింది. పాట చివర ఇంత సంతోషం ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా, సగం విని తేనె కోసం లేచి వెళ్ళి ఉండేవాడు.

కోకిలల పెద్ద మాత్రం ముక్కు విరిచాడు. "అన్ని రాళ్ళెందుకయ్యా?" అన్నాడు.

"దారిలో ఉన్నాయండీ," అన్నాడు బొంతన్న.

కొండ మీద తట్టిన ఆ గొప్ప పల్లవి అతనికి మళ్ళీ గుర్తుకు రాలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. మళ్ళీ వాగు ఎండింది. గున్నమ్మ పెద్ద ఏనుగై తన పిల్లతో కొండ ఎక్కుతోంది. ముసలి బొంతన్న అందరికన్నా వెనక ఆయాసపడుతూ వస్తున్నాడు. పిల్ల సగం దారిలో కూర్చుంటే గున్నమ్మ పాట అందుకుంది. అతను కట్టిన చక్కని పల్లవుల్లో ఏదీ పాడలేదు.

"రాయి పక్కన ఒక్క రాయి, దాని పక్కన ఇంకో రాయి."

బొంతన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అయ్యో, అన్నిట్లో అదే గుర్తుందా?" అని గొణిగాడు.

ముందు నుంచి పిల్ల గొంతు వినిపించింది. "దాని పక్కన?"

బొంతన్న చేతులు తీశాడు. "ఇంకో రాయి," అని గట్టిగా పాడుతూ కొండ ఎక్కాడు.

నీతి: పాటను నిజంగా ప్రేమించేవాడు బాగున్నంతవరకే పాడి ఆపడు, బాగోకపోయినా చివరిదాకా పాడతాడు.