కొంగ ముసుగు, బండి ఱ

పలుకులో కొలువుండి, పలికినవాని లోపలిని ఆ పలుకుచేతనే వెలికితెచ్చే వాగ్దేవికి నమస్కరించి మొదలుపెడుతున్నాను. ముఖం దాచుకొని ముక్కు దాచుకోలేకపోయిన ధవళపండితుడనే కొంగ కథ ఇది.

ఒక అడవి మడుగుకు కూర్మన్న అనే ముసలి తాబేలు కావలి. అతడు గట్టున ఉన్నంతకాలం చేపపిల్లల జోలికి ఎవరూ పోలేరు. ఆ కావలి తనకు దక్కితే తపస్సుతోపాటు విందుభోజనమూ నిరాటంకంగా సాగుతుందని ధవళపండితుడి ఆశ. ఎదుట నిలిచి నింద వేసే ధైర్యం మాత్రం ఆ పొడుగు మెడలో ఎక్కడా లేదు. అందుకని జంబన్న అనే నక్కను పిలిపించాడు.

"ఓయీ జంబన్నా, అడవిలో అందఱు ఫోనులయందు చదివెడి ఆ 'అడవిగోడ'పై నేనొక మాట వ్రాయవలెను. వ్రాసినవాడను నేనని తెలియరాదు."

"దానికేం పంతులుగారూ, వీపీఎన్ పెట్టిస్తాను. మీరిక్కడ ఒంటికాలిమీద నిలబడి వ్రాసినా, మాట సముద్రం అవతలినుంచి వచ్చినట్టు కనబడుతుంది. పేరు మార్చండి, చిలక బొమ్మ పెట్టండి. కన్నతల్లి కూడా మిమ్మల్ని పోల్చుకోలేదు."

"బ్రహ్మదేవుడో?"

"ఆయనకూ ఈ తాళం లేదు. చేపలెప్పుడిస్తారు?"

ఆనాటినుంచి అడవిగోడమీద సముద్రం అవతలి 'పచ్చచిలక' పేరుతో నిందలు వెలువడ్డాయి. తాబేలు చేపపిల్లలను డిప్పకింద దాచి తింటోందని ఒక పూట, కావలివాడే దొంగ అని మరొక పూట. పండితుడు తన గ్రాంథికాన్ని గూట్లో పెట్టి, సంతలో బేరమాడేవాడిలా వాడుకమాటలో వ్రాశాడు. సున్నలు ఎగరగొట్టాడు, ఒత్తులు మింగాడు. ఇంతటి త్యాగానికి తనను తానే మెచ్చుకున్నాడు. మింగిన ఒత్తులు మాత్రం గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి. పగలు కూర్మన్న ఎదురైతే, "ఎవరో నీచులు నాయనా, ముఖము లేనివారి మాటకు విలువ యేమి?" అని నిట్టూర్చేవాడు.

నింద నమ్మినవారు పెరిగారు. కూర్మన్నను వెళ్లగొట్టాలని ఏనుగమ్మ పెద్దరికాన సభ కూడింది. మండువేసవి. మరొక నీరు చేరేలోగా ఆ ముసలిప్రాణం దారిలోనే ఎండిపోతుంది.

"చెప్పుకొనేదేమైనా ఉందా, కూర్మయ్యా?" అంది ఏనుగమ్మ.

"నింద అడవిగోడమీదే వచ్చింది కదా తల్లీ, నా మాటా అక్కడే పెడతాను," అని అతడు నెమ్మదిగా టైపు చేశాడు: 'చెరువు విడిచి పోతున్నాను. ఈ చెరువుకు దండం.'

అందరి ఫోన్లూ మోగాయి. పండితుడి రెక్కకిందా ఒకటి మోగింది. గెలిచినట్టే. ఇక ఊరకుంటే కావలి తనదే; ఆ సంగతి అతడికీ తెలుసు. కానీ ఆ 'చెరువు', మామూలు ర పెట్టి, అదీ వరుసగా రెండు చోట్ల. బండి ఱ కోసమే అతడు నిరుడు లేళ్ల ఇంటి పెళ్లిలో పెళ్లికొడుకు చేతిలోని శుభలేఖ లాక్కొని దిద్దాడు. గట్టుమీద తన దగ్గర అక్షరాలు దిద్దేవారి పలకలను పలుమార్లు చెరిపించాడు. మెడ రెక్కలో దూర్చి, ముక్కుతో టకటక కొట్టాడు.

పచ్చచిలక పలికింది: 'చెరువు కాదు, చెఱువు. బండి ఱ వ్రాయవలెను. అక్షరజ్ఞానము లేనివానికి కావలి యేల?'

సభ ఆ మాటను చదివి, ఆ తరువాత కొంగవైపు తిరిగింది.

"సముద్రం అవతలి చిలకకు బండి ఱ ఎక్కడ దొరికిందమ్మా?" అంది కొమ్మమీది ఉడుత. "ఈ అడవిలో ఆ బండి తోలేది ఒక్కరేగా."

ఏనుగమ్మ తొండం చాచి పండితుడి రెక్క ఎత్తింది. ఫోను కిందపడింది. తెరమీద చిలక బొమ్మ ఇంకా నవ్వుతోంది.

"నాకు అక్షరాలు దిద్దించింది మీరే గురువుగారూ," అన్నాడు కూర్మన్న. "తప్పు చూస్తే మీరు ఆగలేరని మీ బెత్తమే నాకు చెప్పింది. అందుకే ఆ మాట వ్రాశాను."

కొంగ నక్కమీద విరుచుకుపడ్డాడు. "దాచెదనంటివి గదరా?"

"చోటు దాచాను పంతులూ," అన్నాడు నక్క, ఈసారి 'గారు' వదిలేసి. "చాదస్తం దాచే వీపీఎన్ ఇంకా రాలేదు."

కావలి కూర్మన్నకే నిలిచింది. ధవళపండితుడు మడుగు విడిచి ఎగిరిపోతుంటే, కప్పలన్నీ ఒడ్డుకు చేరి "ఱ, ఱ" అని సాగనంపాయి.

చిరునామాను దాచే ముసుగు స్వభావాన్ని దాచలేదు.

ఈ కథ విన్నవారందరికీ తమ పేరుతో పలకదగిన మాటే నాలుకపైకి వచ్చుగాక, వారి నీటికి నమ్మకమైన కావలి ఎన్నడూ తప్పకుండుగాక.