వాసన లేని బోయీ

వెనకటికో సంస్థానంలో రాణిగారి పల్లకి మోసే బోయీ గవరయ్య ఉండేవాడు. ఎంత ఎండలో పరుగెత్తినా, వింత చూడండి, అతని ఒంట చెమట కంపే ఉండేది కాదు. అందుకని పల్లకి ముందు వైపు ఎప్పుడూ అతన్నే పెట్టించి, రాణిగారు లోపల అత్తరు చల్లించడమే మానేశారు.

అత్తర్లు చేసే ఆస్థాన ఉద్యోగి వల్లభయ్యకి ఆ అసూయతో అన్నం సయించలేదు. "వీడు నా అత్తరు దొంగిలించి పూసుకుంటున్నాడు తల్లీ. కొలువులోంచి తీసేయండి" అని నిండు సభలో ఫిర్యాదు చేశాడు.

గవరయ్య నెమ్మదిగా చెయ్యి పైకెత్తాడు. "ఏ అత్తరు పోయిందో వాసన చూసి చెప్పండి బాబూ."

వల్లభయ్య అందరి ముందూ బోయీ చంకలో ముక్కు పెట్టాడు. మల్లె అందామా, మొగలి అందామా అంటే, రోజూ అతని వెనకే కూర్చునే రాణిగారు ఎదురుగా ఉన్నారాయె.

"ఏ వాసనా లేదు" అని గొణిగాడు.

"మరి నేనేం దొంగిలించినట్టు బాబూ?"

రాణిగారు నవ్వి, "ఇంతకీ ఏం రాస్తావోయ్?" అని అడిగారు.

"నీళ్లు తేరడానికి కుండలో తిప్పే పటికే తల్లీ. స్నానమయ్యాక తడిపి చంకల్లో రుద్దుకుంటాను."

ఆ పూట వల్లభయ్య వంటింట్లో డబ్బాలన్నీ వెతికాడు. ఏం కావాలండీ అని భార్య ఎన్నిసార్లడిగినా, పాపం, పటిక అనే మాట ఆయన నోట రాలేదు.